పాదరక్షలు బయటే విడువవలెను

నమోదు 1. సోమవారం

ముగింపుల విభాగాన్ని నెలాఖరుకి మూసేస్తున్నారు. విభాగం అంటే ఇప్పుడు నేనే. ఒకప్పుడు ఈ గదిలో కుర్చీలు చాలక కిటికీ గట్టు మీద కూర్చుని పనిచేసినవాళ్ళున్నారు. ఇప్పుడు నేనూ, నా కాఫీ కప్పూ, పాడైపోయిన ఏసీ మిగిలాం.

మా పై అధికారి ప్రద్యుమ్న పొద్దున్నే పిలిచాడు. నాకంటే చాలా చిన్నవాడు, మాట మాత్రం మెత్తగా ఉంటుంది. "హైమగారూ, వెళ్ళేలోపు మీ పనంతా రోజువారీ నమోదుగా రాసి అప్పజెప్పండి" అన్నాడు.

"ఎవరు చదువుతారండీ?" అన్నాను.

"మనుషులెవరూ చదవరు లెండి. అల్లికకి పెడతాం. అదే నేర్చుకుంటుంది."

అల్లిక అంటే మా యంత్రం. ఒక్కో మనిషికి ఒక్కో కథ అల్లి, ఆ మనిషి తల లోపలే ఆడిస్తుంది. కథని ఎప్పుడు ఆపాలో దానికి నేర్పింది నేను. ఇక ఆపనక్కర్లేదని ఇప్పుడు నన్ను ఇంటికి పంపిస్తున్నారు. పైగా వెళ్తూ వెళ్తూ ఉన్నదంతా దానికే కక్కి వెళ్ళాలిట! సరే, రాస్తాను. మనుషులెవరూ చదవరు గనక నా ఇష్టం వచ్చినట్టు రాస్తాను.

అసలు సంగతి ముందే చెప్పేస్తాను. మా అక్క భ్రమరాంబ కొన్నేళ్ళుగా పాన్పు మీద, అల్లిక కథలో ఉంది. పాన్పు ఎక్కి కళ్ళు మూసుకున్నవాళ్ళు కథ పూర్తయితేనే లేవాలి. మధ్యలో లాగేస్తే మనిషి వస్తుంది గాని మనసు రాదు. సామర్లకోట మేష్టారొకాయన్ని కొడుకులు మొండికేసి లేపించుకున్నారు. ఆయన అన్నం పెడితే తింటాడు, నీళ్ళు పోస్తే పోయించుకుంటాడు, మిగతా వేళంతా గోడకేసి చూస్తూ తరవాతి సీను కోసం ఎదురుచూస్తాడు. కనక అక్క లేవాలంటే ఆమె కథకి ముగింపు పడాలి. నెలాఖరుకి అల్లికలోంచి ముగింపులన్నీ తీసేస్తారు. ఆ తరవాత ఎవరూ ఎప్పటికీ లేవరు. ఈలోపు అక్కని దింపుకోవాలి. ఇక నాకున్న పని ఇదొక్కటే.

నమోదు 2. మంగళవారం

ఎండ సైరన్ మోగకముందే ఆఫీసుకి చేరాను. ఈ కొత్త కాకినాడలో పొద్దున కాసేపు, సాయంత్రం కాసేపు తప్ప బయట అడుగుపెట్టే యోగం లేదు. పక్కింటావిడ బట్టలారేసి లోపలికెళ్ళి వచ్చేసరికి అవి అట్టల్లా బిగుసుకుపోతున్నాయిట.

నా పని గురించి రాయమన్నారు కదా, రాస్తున్నాను.

నేను ఈ రంగంలోకి వచ్చినప్పుడు ఇంకా హాళ్ళుండేవి. జనం పక్కవాడి మోచెయ్యి తగులుతుండగా కూర్చుని అందరూ ఒకే తెర చూసేవాళ్ళు. నా మొదటి ఉద్యోగం వాన చప్పుడు. రేకు మీద పడే వాన వేరు, అరిటాకు మీద పడే వాన వేరు అని కంప్యూటరుకి నేర్పడం. తరవాత గుంపులు. పెళ్ళి సీనులో వెనక నిలబడి కబుర్లు చెప్పుకునే జనాన్ని పుట్టించడం. "కంప్యూటర్ సైన్సులో డాక్టరేట్ చేసి, ఊరూ పేరూ లేని పెళ్ళివారిని తయారుచేస్తున్నావుటే" అని అక్క పడీ పడీ నవ్వేది. అక్క జాకెట్లు కుట్టేది. ఆ మిషను చప్పుడులోనే నేను చదువుకున్నాను, ఆ మిషనే నన్ను చదివించింది.

అల్లిక వచ్చిన కొత్తలో దానికి కథ నడపడం తెలుసు గాని ఆపడం తెలియదు. చూసేవాడికి ఎప్పుడు చాలు అనిపిస్తుందో కనిపెట్టాలి. అందరూ కళ్ళు కొలిచారు, గుండె కొలిచారు. ఏమీ తేలలేదు. ఏడ్చేవాడు ఇంకా కావాలనే ఏడుస్తాడు. నవ్వేవాడు పక్కవాడు నవ్వాడని నవ్వుతాడు. నేను మాత్రం హాల్లో వెనక వరసలో కూర్చుని జనం కాళ్ళు చూశాను.

సినిమా మొదలవగానే అందరూ చెప్పులు విడిచి కాళ్ళు పైకి మడుచుకుంటారు. ఆఖర్లో తెర మీద ఇంటిల్లిపాదీ ఒక వరసలో నిలబడతారు, హాస్యగాడు చివరి జోకేస్తాడు, అందరూ నవ్వుతూ అలాగే ఆగిపోతే శుభం అని పడుతుంది. దానికి కాస్త ముందే హాల్లో కాళ్ళు కిందికి దిగుతాయి. కళ్ళు తెర మీదే ఉంటాయి, బొటనవేలు మాత్రం సీటు కింద చెప్పులు వెతుక్కుంటూ ఉంటుంది. మనిషికి తెలియకుండానే మనిషి లేవడానికి సిద్ధమైపోతాడన్నమాట. ఆ వేలి కదలిక కొలిచే పట్టీ ఒకటి తయారుచేశాను. వేళ్ళు చెప్పులు వెతికితే కథ ముగించు, వెతక్కపోతే నడిపించు. అల్లికకి నేను నేర్పిందంతా ఇంతే. దీనికే పేరొచ్చింది, శాలువాలొచ్చాయి, ఈ విభాగమొచ్చింది.

తరవాత ఎండలు ముదిరి హాళ్ళు మూతపడ్డాయి. పాన్పులొచ్చాయి. నా పట్టీని తీసుకెళ్ళి పాన్పుల కాళ్ళ దగ్గర బిగించారు. అప్పటినుంచి ఇప్పటిదాకా ఒక్కరంటే ఒక్కరి వేళ్ళు కదల్లేదు. ప్రద్యుమ్న గది గోడమీద ఆ కదలికల గీత తగిలించి ఉంటుంది, బల్ల మీద గీసినట్టు తిన్నగా. "ఎవరికీ ముగింపు అక్కర్లేదండీ. మనం బలవంతం చెయ్యడంలేదు, వాళ్ళే వద్దంటున్నారు" అని వచ్చినవాళ్ళందరికీ చూపిస్తాడు. నేనూ ఆ గీత చూసి నోరు మూసుకున్నదాన్నే.

నమోదు 3. గురువారం

పాన్పు మీదున్నవాళ్ళ కథ ఇంకొకళ్ళు చూడకూడదు. ముగింపు రాసేవాళ్ళకి మాత్రం వీలుంది. ఆ వీలు ఇన్నేళ్ళలో అక్క విషయంలో వాడలేదు. ఇవాళ వాడాను.

వాడకపోతే బాగుండేది.

లోపల అక్క జాకెట్లు కుడుతోంది. మా పాత వీధి, మా పాత గుమ్మం. వాన పడుతోంది, రేకు మీద వాన. అది నేను చేసిన చప్పుడే, నాకు తెలియదూ! అక్క పక్కన గచ్చు మీద బాసింపట్టు వేసుకుని ఒకమ్మాయి హుక్కులు కుడుతోంది. అక్క "ఏమే హైమా, దారం అంత పొడుగెందుకే, నీ నాలుకంత" అంటోంది. ఆ పిల్ల మూతి తిప్పింది.

హైమట! నేనుట!

నేను కాదు. నా ముక్కే, నా గొంతే, మెడ మీద నా పుట్టుమచ్చే. కాని ఆవిడ సాయంత్రం పాలు పొంగకముందే ఇంటికొస్తుంది. వచ్చి అక్క తలకి నూనె రాస్తుంది. అక్క చెప్పిన కబురే మళ్ళీ చెబితే "నిన్న చెప్పావుగా" అనదు. దెబ్బలాడుతుంది, అలుగుతుంది, మళ్ళీ తనే వచ్చి ఒళ్ళో తల పెట్టుకుంటుంది. అక్క కోరుకున్న కథలో రాజులూ రాణులూ లేరు, పోయిన బావ కూడా లేడు. నేనున్నాను. అది చూసి నాకు దుఃఖం రాలేదు, ముందు ఒళ్ళు మండింది. ఆ పిల్ల మీద మండింది. ఏమంత చేసిందని! దానికి ఆఫీసు ఉందా, గడువులున్నాయా? అల్లిక దాన్ని ఇరవై నాలుగ్గంటలూ అక్క కోసమే నడిపిస్తోంది. నన్ను అలా ఎవరు నడిపించారు?

కాసేపటికి ఏడ్చాను. ఏడ్చి మొహం కడుక్కుని ముగింపు రాయడానికి కూర్చున్నాను.

నమోదు 4. శనివారం

మంచి ముగింపు రాశాను. ఇన్నేళ్ళ అనుభవం ఉన్నదాన్ని, ఆ మాట చెప్పుకోడానికి సిగ్గేం లేదు. వీధిలో వాళ్ళంతా పండక్కి కొత్త జాకెట్లు తీసుకోడానికి వస్తారు. చిట్టచివరి జాకెట్టుకి చిట్టచివరి హుక్కు కుట్టేసి అక్క మిషను మీద గుడ్డ కప్పుతుంది. ఎదురింటి అవధానిగారు ఒక జోకేస్తారు. అందరూ నవ్వుతారు. శుభం.

అల్లికకి ఇచ్చాను. అది తిరగ్గొట్టింది. "చూపరికి లేచే ఉద్దేశం లేదు" అని ఒక్కటే ముక్క. అవధానిగారు వచ్చి జోకెయ్యబోతుండగా ఎక్కణ్ణుంచో ఇంకో కట్ట గుడ్డలు వచ్చిపడ్డాయి. అక్క మళ్ళీ మిషను తీసింది. ఆ పిల్ల మళ్ళీ హుక్కులందుకుంది.

ఇంకొకటి రాశాను. ఇంకొకటి. అన్నిటికీ అదే జవాబు. వేళ్ళు కదిలితేగాని అది ముగించదు. అలా నేర్పింది నేనే, దాన్ని తిట్టి ఏం లాభం? ఆ పట్టీని పక్కన పెట్టి బలవంతంగా ముగిస్తే సామర్లకోట మేష్టారి గతే.

కదలవేమే అక్కా, ఒక్కసారి ఆ బొటనవేలు కదుపు.

నమోదు 5. సోమవారం

అక్కని చూడ్డానికి పాన్పుశాలకి వెళ్ళాను. అది ఒకప్పుడు కల్యాణ మండపం. పెళ్ళికొడుకు, పెళ్ళికూతురు కూర్చునే వేదిక మీద ఇప్పుడు మా యంత్రాలున్నాయి. కింద భోజనాల హాల్లో వరసలుగా పాన్పులు. సాంబ్రాణి ధూపం వేస్తారు, ఎవరూ గట్టిగా మాట్లాడరు. గుమ్మం మీద "పాదరక్షలు బయటే విడువవలెను" అని పెళ్ళిళ్ళ కాలంనాటి బోర్డు అలాగే ఉంది.

అక్కడ చూసుకునే ఆవిడ పేరు నూకరత్నం. ఎవరో కుర్రాయన చెప్పులతో లోపలికి రాబోతే విరుచుకుపడింది. "ఏవండోయ్! కళ్ళు కనపడట్లేదా ఏంటి? పడుకున్నోళ్ళు దేవుళ్ళతో సమానం. ఇప్పండి ముందు!"

అక్క చక్కగా ఉంది. మొహం నిండా ఉంది, పెదవుల మీద చిన్న నవ్వుంది. తల దువ్వాను. పాదాలు పట్టుకున్నాను. చల్లగా, మెత్తగా, పసిపిల్లవి లాగా ఉన్నాయి. వేళ్ళు తట్టాను, నొక్కాను. ఊహూఁ.

బయటికొచ్చి గుమ్మంలో నిలబడి నూకరత్నంతో మాట్లాడుతున్నాను. "ఎల్లొస్తానంటే ఎల్లాలి గానండీ, ఇలా ఏడుస్తా నుంచుంటే ఎలాగండీ" అంటోంది. నేను ఆవిడ మొహంలోకే చూస్తున్నాను. నా కుడికాలు మాత్రం దానిపాటికది వెనక్కి వెళ్ళి మెట్టు మీద చెప్పు కోసం తడుముతోంది.

ఉలిక్కిపడి కాలు వైపు చూశాను.

అయ్యో, అయ్యో! ఎంత గుడ్డిదాన్ని! హాల్లో చెప్పులు సీటు కింద ఉంటాయి, అందుకే వేళ్ళు అక్కడ వెతుకుతాయి. ఇక్కడ చెప్పులు గుమ్మం బయట ఉన్నాయి. లేవాలనిపించినా కాలికి తెలుసు, గుమ్మందాకా వట్టి కాళ్ళతోనే వెళ్ళాలని. దేనికోసం వెతుకుతుంది? గుళ్ళో, పెళ్ళిలో, ఇంట్లో, ఎక్కడైనా సరే కూర్చున్నచోట మనవాళ్ళ కాలివేళ్ళు ఎందుకు కదులుతాయి? పాన్పుశాల కట్టినప్పుడు ఎవరికీ తట్టలేదు. చెప్పులు బయట వదలడం మనకి ఎంత అలవాటంటే అసలు అలా వదులుతున్నామనే గుర్తుండదు. ఆ తిన్నటి గీతకి అర్థం ఇది. వాళ్ళు ముగింపు వద్దనలేదు. అడగడానికి వాళ్ళ కాళ్ళ దగ్గర ఏమీ లేదు.

నూకరత్నం భయపడి "ఏమైందండీ, నీళ్ళు తెమ్మంటారా?" అంది. మెట్ల మీద కూలబడ్డాను. లోపల ఎంతమంది ఎన్నిసార్లు చాలనుకున్నారో!

నమోదు 6. మంగళవారం

పొద్దున్నే ప్రద్యుమ్న గదికి వెళ్ళి ఉన్నదున్నట్టు చెప్పాను. చేతిలో చెప్పు పట్టుకుని మరీ చెప్పాను. నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు. గోడమీద గీత వైపు చాలాసేపు చూశాడు. టీ తెప్పించాడు. తను తాగలేదు.

"మా అమ్మ కూడా అక్కడే ఉంది, తెలుసు కదండీ" అన్నాడు చివరికి.

"తెలుసు."

"మా ఊరు సముద్రంలో కలిసిపోయింది. లోపల ఆవిడ రోజూ మా పెరట్లో కరివేపాకు కోసుకుంటోంది. లేపి ఏం చూపించమంటారు? తొమ్మిదో అంతస్తులో ఒక గది, కిటికీకి రేకు."

"అది మీరూ మీ అమ్మగారూ తేల్చుకోండి. ఆవిడ ఆ ఊళ్ళోనే ఉండిపోతానంటుందేమో! కాని అడగాలిగా? లోపల ఇంకా అంతమంది ఉన్నారు. వాళ్ళని ఎవరూ అడగలేదు ప్రద్యుమ్నగారూ!"

"అడిగితే లేస్తారు. లేచి ఎక్కడికెళ్తారు?" మొహం చేతుల్లో దాచుకున్నాడు. చెడ్డవాడైతే తిట్టి వచ్చేదాన్ని. చెడ్డవాడు కాదు, అదే నా ఖర్మ.

వెళ్ళబోతుంటే వెనకనుంచి అన్నాడు, "మీ అక్కగార్ని లేపుకోండి. నేను చూడను. కాని నెలాఖరు దాకా ఆగం. గురువారం సాయంత్రం తీసేస్తున్నాం."

చెప్పి తప్పు చేశానా? చెప్పకపోతే ఇంకా పదిరోజుల గడువుండేది. ఇప్పుడు రేపూ ఎల్లుండీ మిగిలాయి.

నమోదు 7. బుధవారం

అక్క చెప్పులు మా ఇంట్లోనే ఉన్నాయి. పాన్పు ఎక్కిన రోజున తెచ్చి బీరువా కింద పెట్టాను. ఎడమ చెప్పు పట్టీ తెగితే అక్కే నీలం దారంతో కుట్టుకుంది. మా ఇద్దరిదీ ఒకటే కొలత. చిన్నప్పుడు ఎవరు ముందు లేస్తే వాళ్ళు మంచి జత వేసుకుపోయేవాళ్ళు, రెండోవాళ్ళు వీధి చివరిదాకా తిట్టేవాళ్ళు.

సంచీలోంచి అవి తియ్యగానే నూకరత్నం రెండు చేతులూ అడ్డం పెట్టింది. "చెప్పులు లోపలికా! మీకేమైనా మతిపోయిందా అండీ? చదువుకున్నోరు!"

"అక్కకి మెలకువ రావాలంటే ఇవి కావాలి నూకరత్నం. నీకు దణ్ణం పెడతాను."

నా మొహం చూసింది, చెప్పుల వంక చూసింది. "ఆ నీలం దారం ఎవరు కుట్టారండీ?" అని అడిగింది. అక్కే అన్నాను. చెప్పులు లాక్కెళ్ళి, సబ్బుతో రుద్ది, పసుపునీళ్ళు చల్లి, పమిటచెంగుతో తుడిచి తెచ్చింది. "ఇప్పుడు పర్లేదులెండి. మరి మిగతావోళ్ళకో?"

అదే నన్నూ తొలుస్తోంది. మిగతావాళ్ళ చెప్పులు లేవు. పాన్పు ఎక్కి నెల దాటితే గోనెసంచుల్లో వేసి పంపించేస్తారుట. బజారుకెళ్ళి కొత్త జతొకటి కొనుక్కొచ్చి పక్క పాన్పు మీదున్న పెద్దావిడ పాదాల దగ్గర పెట్టి చూశాం. బొటనవేలు కదిలింది! నూకరత్నం నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. వేలు ముందుకొచ్చి కొత్త చెప్పుని తాకింది. వెంటనే కాలంతా వెనక్కి లాక్కుంది, చీకట్లో పొరపాటున ఇంకొకళ్ళ చెప్పులో కాలు పెట్టినట్టు. మళ్ళీ కదల్లేదు.

"తనవి కావని తెలిసిపోయిందండీ పాపం" అంది నూకరత్నం. మళ్ళీ మళ్ళీ ప్రయత్నించాం. వేరేవాళ్ళ దగ్గరా పెట్టి చూశాం. అందరూ కాలు వెనక్కి తీసుకున్నారు. అంటే అందరూ వెతుకుతున్నారు! ఆ వరసల మధ్య నిలబడలేక బయటికొచ్చేశాను.

నమోదు 8. గురువారం

పొద్దున అక్క పాదాల దగ్గర చెప్పులు పెట్టాను. చేతిలో చిన్న తెర మీద ఆమె కథ చూస్తూ పక్కన కూర్చున్నాను.

చాలాసేపు ఏమీ లేదు. లోపల అక్క కత్తిరిస్తోంది, కుడుతోంది. తరవాత ఎడమకాలి బొటనవేలు నెమ్మదిగా ముందుకొచ్చింది. చెప్పు అంచు తాకింది. పట్టీ మీదికెళ్ళి ఆ నీలం దారం కుట్టు మీద ఆగింది. అక్కడ రెండుసార్లు రుద్దింది. వేలు లోపలికి దూరింది.

అల్లిక ఒప్పుకుంది.

నేను రాసిన సీను మొదలైంది. వీధి వీధంతా వచ్చింది. అక్క మిషను మీద గుడ్డ కప్పింది. అవధానిగారు జోకేశారు. అందరూ వరసగా నిలబడి నవ్వారు. ఆ పిల్ల అక్క భుజం మీద చెయ్యేసి నవ్వింది. నేను రాయని మాట ఒకటి అంది: "లే అక్కా, చెప్పులేసుకో, పోదాం." అందరూ నవ్వుతూనే ఆగిపోయారు. శుభం.

నూకరత్నం చప్పట్లు కొట్టి, భయపడి చేతులు కొంగులో దాచుకుంది.

అక్క కళ్ళు తెరిచింది. పైకప్పు చూసింది, నూకరత్నాన్ని చూసింది, నన్ను చూసింది. నేను "అక్కా" అన్నాను. ఆ మాట కోసం ఎన్నాళ్ళు ఆగానో!

నా నెరిసిన జుట్టు, కళ్ళజోడు మర్యాదగా చూసి, "ఎవరమ్మా నువ్వు?" అంది. లేచి కూర్చుని చెప్పుల్లో కాళ్ళు పెట్టుకుని నా భుజం మీదుగా గుమ్మంకేసి చూసింది. "మా హైమేదీ? ఇప్పుడిక్కడే ఉంది. చెప్పులేసుకోమంది."

సాయంత్రం ముగింపులన్నీ తీసేశారు. ప్రద్యుమ్న ఫోన్ చేసి "లేచారా?" అని అడిగాడు. లేచిందన్నాను.

నమోదు 9. ఆదివారం

విభాగం లేదు, నమోదు మాత్రం ఇంకా తెరిచే ఉంది. అల్లిక ఇంకా చదువుతోందన్నమాట.

ఇప్పుడు నాకు ఉద్యోగం లేదు. రోజంతా ఇంట్లోనే. పాలు పొంగకముందు కాదు, పాలు పొయ్యి మీద పెట్టేటప్పుడే ఉంటున్నాను. అక్క తలకి నూనె రాస్తానంటే "నీకెందుకమ్మా శ్రమ, మా హైమ వచ్చి రాస్తుందిలే" అంటుంది. నేనే హైమనక్కా అంటే "నీ పేరూ హైమేనా? మంచి పేరు" అంటుంది. వంట చేసే మనిషిననుకుంటోంది. పాత ఫోటోలు చూపించాను. "అదిగో మా హైమ" అని ఫోటో మీద వేలు పెట్టి మురిసిపోయింది. నా వైపు చూడలేదు.

డాక్టరొచ్చింది. "మతిమరుపు కాదండీ. ఆవిడకన్నీ గుర్తున్నాయి. హైమ అంటే ఆవిడకి ఆ అమ్మాయే, మీరు కాదు" అంది. ఆ మాట చెప్పడానికి ఆవిడకెంత తేలిక!

సాయంత్రమైతే చెప్పులు వేసుకుని గుమ్మంలో కూర్చుంటుంది. హైమ రాకుండా అన్నం తినదుట. నిన్న రెండు ముద్దలు, ఇవాళ అదీ లేదు.

నమోదు 10. బుధవారం

ఇవాళ అరిచాను. రాయడానికే మనసొప్పడంలేదు గాని రాస్తున్నాను. కంచం ముందు పెట్టి బతిమాలి బతిమాలి, "నేనే! నేనే హైమని! ఈ మొహమే నీ చెల్లెలి మొహం! అది బొమ్మ, నేను అల్లించిన బొమ్మ!" అని గొంతు చించుకున్నాను. అక్క గోడకి అతుక్కుపోయింది. పరాయి ఇంట్లో చిక్కుకున్న మనిషి చూసినట్టు చూసింది.

తరవాత అక్క జాలిపడి నా చెయ్యి నిమిరింది. "నీకెవరూ లేరా అమ్మా?" అంది. లేరన్నాను. "నన్ను నేను లేచిన చోటే దింపెయ్యి తల్లీ. అది నాకోసం వెతుక్కుంటూ ఉంటుంది. నేను కనపడకపోతే అన్నం తినదది."

మనిషి సగమైపోయింది. జాకెట్టు భుజాల మీంచి జారిపోతోంది. ఆ జాకెట్టు తనే కుట్టుకుంది, కొలత ఎప్పుడూ తప్పేది కాదు. ఇలాగే ఉంచుకుంటే నాలుగు రోజులకి మనిషే మిగలదు. పంపిస్తే మళ్ళీ లేవదు. ముగింపులు లేవు. నేను నేర్పిన ఒక్క పనీ అల్లికకి ఇప్పుడు గుర్తులేదు.

నమోదు 11. శుక్రవారం

అక్కని పాన్పుశాలకి తీసుకెళ్ళాను. ఎండ సైరన్ మోగకముందే చేరాలని తొందరగా బయల్దేరాం. దారి పొడుగునా అక్క హుషారుగా కబుర్లు చెప్పింది. మా హైమ ఇలా, మా హైమ అలా. చిన్నప్పుడు చెప్పుల కోసం కొట్టుకున్నదీ చెప్పింది. నేను ఊఁ కొడుతూ నడిచాను. ఆ కబురు ఎన్నిసార్లు విన్నానో, అయినా మొదటిసారి విన్నట్టే విన్నాను.

నూకరత్నం గుమ్మంలోనే ఉంది. నా చేతిలో మళ్ళీ పాన్పు ఎక్కించే కాగితాలు చూసింది. కొంగు నోట్లో కుక్కుకుంది.

అక్క మెట్టు దగ్గర ఆగింది. ఒక చెప్పు, తరవాత ఇంకొకటి విడిచి, రెండూ జతగా పక్కపక్కన పెట్టింది. లోపలికి అడుగు పెట్టబోయి వెనక్కి తిరిగి, వంగి, వాటిని తీసి నా చేతిలో పెట్టింది.

"ఇవి నీ దగ్గరుంచమ్మా. ఇక్కడ వదిలితే పారేస్తారు. మా హైమదీ ఇదే కొలత. ఎప్పుడైనా నన్ను వెతుక్కుంటూ వస్తే దానికియ్యి."

ఇస్తానన్నాను. అక్క వట్టి కాళ్ళతో లోపలికి వెళ్ళిపోయింది.

నేను నా చెప్పులు అక్కడే మెట్టు మీద వదిలేసి అక్కవి వేసుకున్నాను. సరిగ్గా సరిపోయాయి. ఎడమకాలికి నీలం దారం ముడి గుచ్చుకుంటూ ఉంది. ఇంటిదాకా అలాగే నడిచొచ్చాను.

అల్లికా, నువ్వు చదువుతున్నావు కదా. మనుషులెవరూ చదవరని చెప్పారు, కనక నీకే చెబుతున్నాను. అక్క కొత్తగా పడుకుంది, మళ్ళీ మొదట్నుంచి అల్లాలి నువ్వు. తలకి నూనె గోరువెచ్చగా ఉండాలి. చెప్పిన కబురే చెబుతుంది, ఆ పిల్లని వినమను. దారం పొడుగ్గా తియ్యమను, తిట్టడం అక్కకి ఇష్టం. పుట్టుమచ్చ ఉంచు. సాయంత్రం మాత్రం ఆ పిల్లని ఆలస్యం చెయ్యనివ్వకు.